వదలని పాలు

పోయిన వారం ఈ కథలో యుస్తీనాని సాక్ష్యపు కుర్చీలో కూర్చోబెట్టి వదిలాం. ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం. ఎడిగర్ల ఇంటి ముందుగది. బయట కిర్గిజ్ నేల, తలాస్ లోయ అంతా గోధుమ కోతల ఎండ. వచ్చే ఆదివారం తెల్లవారుతుండగా ఏటిలో యుస్తీనాకి బాప్తిస్మం, ఆ పై ఆదివారం ఈ ఇంటి పిల్లాడు ఇసాక్‌తో పెళ్ళి. బాప్తిస్మం లేనిదే మా సంఘంలో పెళ్ళి లేదు. బాప్తిస్మం కావాలంటే సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి, అడిగినవాటికి జవాబివ్వాలి, ఎవరి రుణమూ మెడ మీద లేకుండా తేల్చుకోవాలి. నీ రక్షణ ఎక్కడ మొదలైందని అడిగితే యుస్తీనా తలుపు పక్క బల్ల వైపు చెయ్యి చూపించి, "దేవుడి మంచితనం నాకు మొదట తెలిసింది ఆ అమ్మ రొమ్ము దగ్గర," అంది.

ఆ బల్ల మీద ఉన్నది సైరాకుల్. కిర్గిజ్ మనిషి, ముసల్మాను. యుద్ధకాలంలో మా జర్మన్ పల్లెల మగవాళ్ళని, పిల్లలు లేని ఆడవాళ్ళని కార్మిక సేన పేరుతో వెట్టి పనికి తోలుకుపోయారు. యుస్తీనా తండ్రి అక్కడే పోయాడు. తల్లి అగాతా కాన్పులో పోయింది. సైరాకుల్ ఆ పిల్లకి పాలిచ్చి పెంచింది.

వాళ్ళలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికి పోయే బిడ్డతో పాలిచ్చిన తల్లి చెప్పాలి, నా తెల్లపాలు నీకు వదిలాను అని. ఆ మాట పడకపోతే బిడ్డకి ఏదీ ఒంటబట్టదంటారు. మేము రుణాలు తేల్చుకోవడమూ, వాళ్ళు పాలు వదలడమూ ఒకటే అనుకుంది యుస్తీనా. అందుకే సంఘంలోకి ఆమెని పిలుచుకొచ్చింది. వాళ్ళింట్లోనూ మా సంఘంలోనూ పెరిగిన పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు.

యుస్తీనా చెయ్యి దించింది. మా ప్రార్థనకి సర్కారు అనుమతి లేదు కాబట్టి కిటికీలు మూసి తెరలు లాగి ఉన్నాయి. చెమట వాసన, సబ్బు వాసన, బట్టలకి అంటుకొచ్చిన పొట్టు వాసన. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు, కిరసనాయిలు డబ్బాల మీద వేసిన పలకల మీద.

సంఘపెద్ద కోర్నేలియుస్ వార్కెంటిన్ మేజా వెనక కూర్చుని ఉన్నాడు. అగాతాకి అన్న, యుస్తీనాకి మేనమామ. కార్మిక సేనలో చెట్టు పడి నలిగిన ఎడమ కాలుని మేజా కిందనుంచి ముందుకి చాపుతాడు. ప్రసంగం ఎంతసేపైనా ఆ కాలు కదపడు. కదిపితే నొప్పి.

"ఇప్పుడన్న మాట మళ్ళీ అను తల్లీ," అన్నాడు.

"దేవుడి మంచితనం..."

"దేవుడిదా, ఆమెదా?"

"ఆమె చేతుల్లోంచి దేవుడిది, మావయ్యా."

"ఇక్కడ మావయ్యని కాను."

"దేవుడిదే, పెద్దయ్యగారూ."

"దేవుడి కుమారుణ్ణి ఆమె ఎరుగునా?"

"ఎరగదు."

"మరి ఎరగని చేతిలోంచి వచ్చింది మంచి ఎలా అయింది?"

"నేను బతికాను కదండీ."

"మేకపాలు పట్టినా బతికేదానివి. మేకకి రక్షణ ఉందా?"

ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఇసాక్ తల్లి హెలేనా ఎడిగర్ పక్కావిడ వైపు ఒరిగింది కానీ గొంతు తగ్గించలేదు. "ఒళ్ళో మూట చూశావా? పెళ్ళి భోజనానికి రెండు వారాలు ముందే దిగింది పాపం. ఆకలి ఆగలేదు కాబోలు."

సైరాకుల్ ముఖంలో ఏమీ మారలేదు. తెల్ల తలగుడ్డ, పగిలిన చేతులు, ఒళ్ళో గుడ్డ మూట. అందులోంచి వేయించిన పిండి వాసన వస్తోంది. మా మాట ఆమెకి రాదు. అందుకని ఆమె ముందు మా ఆడవాళ్ళు ఎప్పుడూ గొంతు తగ్గించరు.

మగవాళ్ళలోంచి అబ్రాం నికెల్ లేచాడు. సంఘంలో అందరికంటే ముసలివాడు. లేవడానికి ముందు బల్ల పట్టుకోవాలి, లేచాక పట్టుకున్నది వదలకూడదు.

"కోర్నేలియుస్, కొట్టి దారిలో పడేసినవాణ్ణి గాడిద మీద ఎక్కించుకున్నది ఎవరు? యాజకుడు కాదుగా. సమరయుడు, బయటివాడు. వెళ్ళి మీరూ అలా చెయ్యండని ప్రభువే అన్నాడు."

"చెయ్యమని మనకి అన్నాడు. ఆ సమరయుడికి పరలోకం రాసిచ్చానని అనలేదు."

"నీకు మీ అమ్మ ఎవరి పేరు పెట్టింది? గ్రంథంలో ఆ రోమా సిపాయి కూడా బయటివాడే. వాడు పేదలకి పెట్టింది బాప్తిస్మానికి ముందే దేవుడి దగ్గరికి చేరింది."

"చేరింది. చేరినా వాడింటికి అపొస్తలుడు నడిచిపోవాల్సి వచ్చింది. పెట్టిందే చాలితే ఆ నడక దేనికి, అబ్రాం?"

నికెల్ బల్ల మీద పట్టు మార్చుకున్నాడు.

"ఏటి అవతల ఉప్పునేలలో పుచ్చకాయ కాస్తుంది," అన్నాడు కోర్నేలియుస్, సంఘమంతటితో. "పైకి నవనవలాడుతుంది. కోస్తే ఎర్రగానే ఉంటుంది. నోట్లో పెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. విశ్వాసంలోంచి మొలవని ఏ పనైనా అంతే. చూసే కన్ను మనదైతే మంచి. ఆయనదైతే కాదు."

"ఆ యుద్ధపు ఏడు ఉప్పు పుచ్చకాయలే తిన్నాం మనం," అన్నాడు నికెల్ కూర్చుంటూ. "తొక్కలు కూడా పారెయ్యలేదు."

మగవాళ్ళు కొంచెం నవ్వారు. కోర్నేలియుస్ నవ్వలేదు. యుస్తీనా వైపు తిరిగాడు.

"అడిగేది ఒక్కటే. నువ్వు నిలబడింది దేవుడి గొర్రెపిల్ల రక్తం మీదా, ఈమె పాల మీదా? రెండిటి మీద కాళ్ళు పెట్టి నీళ్ళలో దిగలేవు. ఈమె నాకు చేసింది దేవుడి దృష్టిలో మంచి పని కాదు అని చెప్పు. మేము లేచి నిలబడతాం. ఇంటికెళ్ళి తెల్లగౌను ఇస్త్రీ చేసుకో."

యుస్తీనా ఇసాక్ వైపు చూసింది. ఇసాక్ తన గోళ్ళలో ట్రాక్టరు మడ్డి చూసుకుంటున్నాడు.

"అనెయ్యవే పిల్లా," అంది హెలేనా. "మాటేగా. ఆవిడకేమన్నా అర్థమై చస్తుందా?"

"అర్థమవుతుంది," అంది సైరాకుల్.

మా మాటలోనే అంది. మా అమ్మమ్మలు పలికినట్టే, చివర్లు సాగదీసి.

మొదట ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత ఆడవాళ్ళ బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ముందు ఏమేం అనుకున్నారో ఎవరికి వాళ్ళకి గుర్తొచ్చినట్టుంది.

"నేను పాలు పొయ్యడానికొస్తే క్యాను దగ్గర నిలబడి నా ఒంటి వాసన గురించి నువ్వన్నది కూడా అర్థమైంది హెలేనా. పిల్లకి తల్లి మాట పోకూడదని నేర్చుకున్నాను. నేర్పేవాళ్ళు లేరు కదా, మీ నోళ్ళలోంచే ఏరుకున్నాను. అందుకే తిట్లు ముందొచ్చాయి. జోలపాటలు తర్వాత."

హెలేనా మెడ దాకా ఎర్రబడింది.

"కోర్నేలియుస్, నిన్నొకటి అడగాలి," అంది సైరాకుల్. "కూర్చునే అడుగుతాను. నాకూ కాళ్ళు బాగాలేవు."

"అడుగు."

"ఆ పొద్దున మంచు పడుతోంది. ఈ పిల్లని గొర్రెతోలు కోటులో పెట్టుకుని వచ్చావు. నా మొగుడు యుద్ధంలో పోయాడని కాగితం వచ్చి నెల కాలేదు. వాణ్ణి చంపినవాళ్ళు ఏ భాష వాళ్ళో నీకు తెలుసు, నాకు తెలుసు. గుమ్మంలో మోకాళ్ళ మీద పడ్డావు. చెల్లీ అన్నావు. ఇంకేమన్నావో నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

కోర్నేలియుస్ మేజా మీది బైబిల్ మూశాడు.

"దేవుడు చూస్తున్నాడు చెల్లీ, ఈ మంచి ఆయన మర్చిపోడు, అన్నావు. నేను అడగలేదు. మర్చిపోతాడా గుర్తుపెట్టుకుంటాడా అని నేను నిన్ను అడగలేదు. నువ్వే అన్నావు."

"అన్నాను."

"తర్వాత ఉయ్యాల దగ్గరికి వెళ్ళావు. నా కొడుకుని ఊపావు. పేరేంటని అడిగావు, చెప్పాను. బాగుంది పేరు అన్నావు. బక్కగా ఉన్నాడేంటి అన్నావు. నాకు ఒక్కడికి సరిపోయే పాలే ఉన్నాయన్నాను. ఇద్దరికీ దేవుడిస్తాడన్నావు."

యుస్తీనా కుర్చీలోంచి సగం లేచింది. "అపా..." వాళ్ళ మాటలో అమ్మ అని. "అపా, వాడు తట్టు పోసి పోయాడన్నావు కదా."

"నీకు అలా చెప్పాను."

"తట్టు కాదా?"

"ఆప్రికాట్లు పూసేదాకా ఉన్నాడు. వాడికి ఏడిచే ఓపిక ఉండేది. నీకు అది కూడా లేదు. నోరు తెరిచేదానివి, చప్పుడు వచ్చేది కాదు. ఏడవలేని దానికే ముందు ఇచ్చాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు కదా, బలంగానే ఉన్నాడనుకున్నాను. ఒకరోజు వాడూ ఏడవలేదు."

ఆమె గొంతు పెరగలేదు. చేతులు మూట ముడి మీదే ఉన్నాయి.

మేజా కింద కోర్నేలియుస్ ఎడమ కాలు వెనక్కి జరిగింది. ఆయన ఆ కాలు కదపడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది సైరాకుల్. "ఆరోజు నా గుమ్మంలో అన్నది అబద్ధమా, ఇవాళ ఇక్కడ అన్నది అబద్ధమా?"

"ఆరోజు అన్నదే."

నికెల్ కళ్ళు మూసుకున్నాడు.

"నీ దగ్గర పాలున్నాయి, నా చేతిలో చచ్చిపోతున్న పిల్ల ఉంది," అన్నాడు కోర్నేలియుస్. "నోటికొచ్చింది అన్నాను. దేవుడి తరఫున మాటివ్వడానికి నేనెవర్ని? ఆయన ఎవరికీ బాకీ పడడు. ఆ వారమే నన్నూ తోలుకుపోయారు. రైలు పెట్టెలో ఆ అబద్ధానికి ఏడ్చి క్షమించమని అడిగాను. క్షమించాడు."

"నన్ను అడగలేదు."

సైరాకుల్ మూట ముడి ఇంకొంచెం బిగించింది.

"నా కొడుకు ఎక్కడున్నాడు?"

"పసివాడు. దేవుడి చేతుల్లో ఉన్నాడు."

"నేను?"

ఇంకెవరైనా అయితే నీళ్ళు నమిలేవారు. రేపటి వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు కోర్నేలియుస్. "ఆయన కుమారుణ్ణి ఒప్పుకోకుండా చస్తే నరకానికి పోతావు సైరాకుల్. ఆ పాలు అడ్డం రావు. నీతో ఒకసారి అబద్ధమాడాను. చాలు. ఇంకొకటి ఆడను."

సైరాకుల్ తల ఊపింది. బేరం కుదరని చోట ధర విన్నట్టు.

"పిల్లని అడుగు మరి," అంది. "నన్నెందుకు చూస్తావు?"

అందరం యుస్తీనాని చూశాం. నుదుటి మీద చెమట ముక్కు పక్క నుంచి జారి పెదవి మీద ఆగింది. తుడుచుకోలేదు. ఇంకోసారి ఇసాక్ వైపు చూసింది. ఈసారి ఇసాక్ తలెత్తాడు. పెదవులు కదిలాయి. అనమనే అన్నట్టుంది.

"అపా నాకు చేసింది..." అంది యుస్తీనా.

"అపా కాదు," అన్నాడు కోర్నేలియుస్. "ఈ స్త్రీ."

"ఈ స్త్రీ..."

"వెనక వాళ్ళకి వినబడాలి."

"ఈ స్త్రీ నాకు చేసింది దేవుడి దృష్టిలో మంచి పని కాదు."

వినబడింది. తలుపు పక్క బల్ల దాకా వినబడింది.

"ఈమెని చేర్చుకునేవాళ్ళు లేవండి."

లేచాం. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వాళ్ళ వెనక. నికెల్ అందరికంటే ఆఖర్న, బల్ల పట్టుకుని. కాలు వల్ల కోర్నేలియుస్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తలుపు దగ్గర సైరాకుల్ కూడా లేచింది. ఆమె పోవడానికి లేచింది. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా చూస్తే ఆమె కూడా యుస్తీనాని చేర్చుకోవడానికే లేచిందనుకునేవాడు.

ఆఖర్న సంఘపెద్ద అడగాల్సిన మాట ఒకటి మిగిలింది. ఏటేటా అడుగుతాం, ఏటేటా ఎవరూ పలకరు. అప్పటికే మగవాళ్ళు టోపీలు వెతుక్కుంటున్నారు.

"ఈ పిల్ల మీద ఎవరికైనా ఏదైనా ఉంటే ఇప్పుడు చెప్పాలి," అన్నాడు కోర్నేలియుస్.

"నాకుంది," అంది సైరాకుల్.

టోపీలు ఆగిపోయాయి.

"పాలు వదిలిన మాట చెబుదామనే వచ్చాను. పొద్దున్నే లేచి పిండి కలిపాను, వేయించాను, మీ అందరికీ సరిపోయేలా తెచ్చాను. ఆ మాట ఇప్పుడు చెప్పను. నా పాలు నేను వదల్లేదు."

"ఆవిడ సంఘం మనిషి కాదుగా!" అంది హెలేనా. "ఆవిడ మాట లెక్కలోకి ఎలా వస్తుంది? ఎవరో దారినపోయేవాళ్ళు వచ్చి నాకుంది అంటే మా పెళ్ళి ఆగాలా?"

"ఎవరికైనా అనే అడిగాం హెలేనా," అన్నాడు నికెల్. "సంఘంలో ఎవరికైనా అని అడగలేదు. పోయినేడు నీ కొడుక్కి బాప్తిస్మం ఎందుకు ఆలస్యమైంది? పొరుగూరి కజకువాడికి కుంటి గొర్రెని మంచిదని చెప్పి అంటగట్టాడనేగా. ఆ కజకు ఏ సంఘం? అబద్ధమాడి తీసుకున్నది తేల్చనిదే నీళ్ళు లేవని ఎవరన్నారు?"

ఎవరూ ఆ పేరు చెప్పలేదు. అందరం మేజా వైపు చూశాం.

"నేనే అన్నాను," అన్నాడు కోర్నేలియుస్. అలాంటివి దాటేసే మనిషి కాదు. "పాలు అబద్ధమాడే తీసుకున్నాను. నిజమే. తిరిగి ఇవ్వగలిగింది కాదు. ఏం చేస్తే వదులుతావు సైరాకుల్?"

యుస్తీనా కుర్చీ వదిలి రెండడుగులు వేసింది. "అపా, నేను ఊరికే..."

"రాకు," అంది సైరాకుల్. యుస్తీనా ఆగిపోయింది. "మీ పెద్దని అడగక్కర్లేదు. నిన్నే అడుగుతాను. గుట్ట మీద నా కొడుకు ఉన్నాడు. వచ్చే ఆదివారంలోగా అక్కడికి రా. వాణ్ణి పేరు పెట్టి పిలువు. నీకు రావాల్సిన పాలు నేను తాగాను, అవి మంచివి కావు అని చెప్పు. ఇక్కడ చెప్పినట్టే, గట్టిగా. వెనక నేను నిలబడి వింటాను. అప్పుడు వదిలేస్తాను. ఇక నా గడప తొక్కక్కర్లేదు."

"అపా!"

"ఈ స్త్రీ," అంది సైరాకుల్.

మూటని బల్ల మీద పెట్టింది. తలుపు కొక్కెం తీసింది. ఎండ ఒక్కసారి గదిలోకి పడింది, అందరం కళ్ళు చిట్లించాం. చూసేసరికి ఆమె వాకిలి దాటి కాలవ గట్టు మీద నడుస్తోంది.

హెలేనా మూటని చచ్చిన ఎలకని ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తింది. "కోళ్ళకి వేస్తాను," అంది. యుస్తీనా ఆమె చేతిలోంచి లాక్కుంది. లాక్కుని ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. నూనె గుడ్డలోంచి వేళ్ళకి అంటుతోంది.

"వెళ్ళు తల్లీ," అన్నాడు కోర్నేలియుస్. గొంతు కొంచెం మెత్తబడింది. "నిజం అనేది గదిలో ఒకటి, గుట్ట మీద ఒకటి ఉండదు. ఇక్కడ అన్నావు, అక్కడా అను. తేలిపోతుంది."

"వాడి పేరేంటి?" అంది యుస్తీనా.

ఆయన్ని అడగలేదు. గదిని అడిగింది.

నికెల్ తల అడ్డంగా ఊపాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. గుట్ట మీద ఆ చిన్న రాళ్ళకుప్ప మా అందరికీ తెలుసు. దాని కిందే మా గోధుమ పొలం. యుస్తీనా చిన్నప్పుడు మేకలు తోలుకుపోయి ఆ రాళ్ళ పక్కనే కూర్చుని రొట్టె తినేది. సైరాకుల్ ఇంట్లో వాడి పేరు ఎప్పుడూ ఎత్తలేదు. మేము ఎప్పుడూ అడగలేదు.

"ఇసాక్?" అంది యుస్తీనా. ఇసాక్ భుజాలు ఎగరేశాడు.

అప్పుడు మేజా వైపు తిరిగింది.

"మావయ్యా."

ఈసారి ఆయన దిద్దలేదు.

"నీకు చెప్పింది. ఉయ్యాల ఊపుతూ అడిగావట కదా. బాగుంది పేరు అన్నావట. వాడి పేరు చెప్పు మావయ్యా. నేను వెళ్ళి పిలవాలి."

కోర్నేలియుస్ వార్కెంటిన్ మూసిన బైబిల్ మీద రెండు చేతులూ పెట్టాడు. ఆమెని చూశాడు. ఆమె చేతిలో మూటని చూశాడు. తెరిచి ఉన్న తలుపులోంచి గుట్ట కనబడుతోంది, అటు మాత్రం చూడలేదు.

"గుర్తులేదు," అన్నాడు.

మేజా కింద ఆయన ఎడమ కాలు మళ్ళీ వెనక్కి జరిగింది.